పండుగకు వచ్చే అల్లుడు, కొల్లేటి పరజలు

ప్రశ్న: మాది కైకలూరు దగ్గర ఒక పల్లె. చేపల చెరువులున్న కుటుంబం. మా ఆడపడుచు భర్త టెక్సాస్‌లో ఉంటారు. అక్కడ ఏటా సెప్టెంబరులో లైసెన్సు తీసుకుని గువ్వల వేటకు వెళ్తారు, ఆ ఫొటోలు మా ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెడతారు. ఈ సంక్రాంతికి వస్తున్నారు. ఎయిర్‌గన్ ఒకటి సిద్ధంగా ఉంచమని మావారికి చెప్పారట. మామగారు కూడా ఉత్సాహంగా ఉన్నారు. ఆయన చిన్నతనంలో ఇంట్లో తుపాకీ ఉండేదట, పండుగంటే పరజల (అడవి బాతుల) కూరేనట. ఇప్పటికీ చలికాలంలో ఒకతను వలవేసి పట్టిన పిట్టలను సంచిలో తెచ్చి ఇస్తాడు, నేను వండుతాను. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి బడిలో ఏదో విని వచ్చి 'ఇది నేరం, జైల్లో వేస్తారు' అంటోంది. మావారు 'మన చెరువు, మన పిట్టలు, అడిగేదెవరు' అంటారు. 'అమెరికాలో తప్పు కానిది ఇక్కడ తప్పెలా అవుతుంది' అని అన్నయ్యగారి వాదన. ఇంట్లో పంజరంలో చిలుక కూడా ఉంది. పండుగపూట గొడవ లేకుండా దీన్ని ఎలా ఆపాలి? పిట్టలు తెచ్చే అతని మీద ఫిర్యాదు చేయాలా? అతను బీదవాడు.
— ఒక కోడలు, ఏలూరు జిల్లా

సమాధానం:

అమ్మా, మీ అమ్మాయి చెప్పింది నిజం. అయితే తను మీ మీద జాలిపడి ఒక ముక్క దాచి ఉంటుంది: జైలు మాట తుపాకీ పట్టినవారికే పరిమితం కాదు, పొయ్యి దగ్గర నిలబడ్డ మీకూ వర్తిస్తుంది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు ఇచ్చిన అర్థం చాలా విశాలమైనది. చంపడం, పట్టడం, వల పన్నడం, ఉచ్చు వేయడం, విషం పెట్టడం, వాటి కోసం తరమడం అన్నీ వేటే. గుడ్లు పగలగొట్టినా, గూడు కదిపినా వేటే. ఈ పనుల్లో దేనికి ప్రయత్నించినా వేటే. కాబట్టి అన్నయ్యగారి గురి తప్పి పిట్ట ఎగిరిపోయినా చట్టం దృష్టిలో వేట జరిగినట్టే. ఇక మాంసం. పచ్చిదైనా వండినదైనా మాంసమేనని ఆ చట్టంలో స్పష్టంగా రాసి ఉంది. అంటే మసాలా పట్టించి దాకలో పెట్టినంత మాత్రాన పరజ కాస్తా కూర అయిపోదు. అలా వేటాడిన పిట్ట, దాని మాంసం ప్రభుత్వ ఆస్తి కిందికి వస్తాయి. వాటిని కొనడం, దగ్గర ఉంచుకోవడం, ఒకరికి ఊరికే ఇవ్వడం కూడా నేరమే. పక్కింటికి గిన్నెలో పంపిన కూర కూడా అందులోకే వస్తుంది. పైగా అలాంటిది మీ ఇంట్లో దొరికితే, అది చట్టబద్ధంగా వచ్చిందని నిరూపించుకోవలసిన బాధ్యత మీదే.

'అమ్ముకోవడానికి కాదు కదా, తినడానికే కదా' అని మీ ఇంట్లో ఎవరైనా అంటారు. చట్టం ఆ తేడా చూడదు.

'మన చెరువు, మన పిట్టలు' అన్న మీవారి మాట కొల్లేరు చుట్టుపక్కల చాలామంది నోట వినిపించేదే. చెరువు మీదే కావచ్చు, చేపలు మీవే. దాని మీద వాలిన పక్షి మాత్రం మీ పట్టాలో లేదు. అసలు మీ చెరువు ఎక్కడుందన్నది ఈ వ్యవహారంలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. 1999లో ప్రభుత్వం కొల్లేరులో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) వరకు 308 చదరపు కిలోమీటర్ల మేర పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది. దాని లోపల జిరాయితీ భూములు కూడా ఉన్నాయన్నది మీకు తెలిసిన సంగతే, ఆ తగాదా ఇప్పటికీ నడుస్తోంది. భూమి తగాదా ఎటు తేలినా వేట సంగతి మారదు. పరజలు, బొల్లికోళ్లు, నీటికోళ్ల వంటి మామూలు పక్షుల్లో ఎక్కువ భాగం చట్టంలోని రెండో షెడ్యూలులో ఉన్నాయి. వాటిని అభయారణ్యం బయట వేటాడితే మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అదే పక్షిని అభయారణ్యం గట్టు లోపల కొడితే శిక్ష మూడేళ్లతో మొదలై ఏడేళ్ల దాకా వెళ్తుంది, జరిమానా కనీసం పాతిక వేలు. గట్టుకు అవతల గరిష్ఠంగా ఉన్న మూడేళ్లు గట్టుకు ఇవతల కనిష్ఠమవుతాయి. కనీస శిక్ష రాసిపెట్టిన నేరాలకు డబ్బు కట్టి రాజీ చేసుకునే దారి కూడా లేదు. మీ చెరువు ఏ వైపున ఉందో మీవారికి కచ్చితంగా తెలుసా? తెలియకపోతే అటవీ రేంజ్ అధికారి కార్యాలయంలో పటం ఉంటుంది, అడిగి చూడమనండి.

చేపలు తినే పక్షుల వల్ల నష్టం లేదని నేను అనను. కొంగలు, నీటికాకులు పిల్ల చేపల చెరువు మీద పడితే రైతుకు కడుపు మండుతుంది. దారాలు, మెరిసే రిబ్బన్లు కట్టడం, పిల్ల చేపలు వదిలిన రోజుల్లో మనిషిని కాపలా పెట్టడం, డప్పు కొట్టి లేపడం వంటివి చేసుకోండి. చెరువు మీద వల పరిచేవారు దాన్ని బిగువుగా కట్టాలి, వదులుగా వేలాడే సన్నటి నైలాన్ వలలో పక్షులు చిక్కుకుని చస్తాయి. వీటికి లొంగని నష్టం ఏదైనా ఉంటే చట్టంలోనే ఒక దారి ఉంది. రెండో షెడ్యూలు జంతువో పక్షో ఆస్తికి, నిలిచి ఉన్న పంటకు ప్రమాదకరంగా మారిందని తేలితే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. ఆ కాగితం చేతిలో లేకుండా ఎవరికి వారు తీర్పు చెప్పుకుని తుపాకీ తీయడానికి వీల్లేదు.

ఇప్పుడు మామగారి మాట. ఆయన అబద్ధం చెప్పడం లేదు, ఆ కాలం అలాంటిదే. పక్షుల విషయంలో దేశమంతటికీ వర్తించే చట్టాలు మనకు 1887 నుంచే ఉన్నా, అవి వేటను ఆపడానికి పుట్టినవి కావు. మొదటిది పట్టణాల్లో, కంటోన్మెంట్లలో గుడ్లు పెట్టే కాలంలో అడవి పక్షుల అమ్మకాన్ని నిషేధించుకోవచ్చని అంది, అంతవరకే. 1912లో వచ్చిన చట్టం బాతులు, కౌజులు, గువ్వలు, నెమళ్లతో పాటు పాలపిట్టలను, లకుముకి పిట్టలను కూడా జాబితాలో చేర్చింది. ఈ చివరి రెండూ ఎవరి విస్తట్లోకీ వచ్చేవి కావు. విదేశాల్లో దొరసానుల టోపీలకు ఈకలు కావలసి వచ్చి వాటిని గుట్టలుగా చంపుతుండేవారు, అందుకని చేర్చారు. ఆ చట్టం కింద కూడా ఏడాదిలో కొన్ని నెలలు వేట మానాలి, మిగతా నెలలు ఎవరిష్టం వారిది. ఎవరిష్టం వారిదైతే ఏమవుతుందో భరత్‌పూర్‌లో చూశాం. 1938 నవంబరు 12న వైస్రాయ్ లిన్‌లిత్‌గో గౌరవార్థం జరిపిన వేటలో ఒక్కరోజులో 4,273 పక్షులను కూల్చారు. ఆ లెక్కను ఘనంగా రాతి మీద చెక్కించి పెట్టుకున్నారు కూడా.

1972 చట్టం కావాలని పార్లమెంటును కోరుతూ తీర్మానాలు చేసిన పదకొండు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఈ మాట మీ మామగారికి చెప్పండి, ఢిల్లీవాళ్లు మన మీద రుద్దిన చట్టమని చాలామంది అనుకుంటారు. ఆ చట్టం కూడా మొదట్లో వేటను పూర్తిగా మూయలేదు. పెద్ద వేటకు, చిన్న వేటకు, వలవేసి పట్టడానికి వేర్వేరు లైసెన్సులు ఉండేవి, మూసిన కాలం, తెరిచిన కాలం ఉండేవి. బాతులు, కౌజులు చిన్న వేట కిందికి వచ్చేవి. కాబట్టి 1991కి ముందు ఆయన ఇంట్లో తుపాకీకి లైసెన్సు, వేటకు లైసెన్సు రెండూ ఉండి ఉంటే అప్పటి పరజల కూర చట్టబద్ధమైన కూరే. 1991 సవరణ ఆ లైసెన్సులన్నీ ఎత్తేసింది. 2022 డిసెంబరులో ఆమోదం పొంది 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ షెడ్యూళ్లను తగ్గించి, జరిమానాలు పెంచింది. పెద్దాయన జ్ఞాపకాల్లో తప్పు లేదు, ఆయన క్యాలెండరే ముప్పై ఏళ్లు వెనక ఉంది.

అన్నయ్యగారి వాదన దీనికన్నా గట్టిది, కాబట్టి దాని దగ్గర కాస్త ఆగుదాం. అక్కడ ఆయన చేసేది చట్టబద్ధమే. అయితే ఆయన పెట్టే ఫొటోల్లో కనిపించని సంగతులు కొన్ని ఉన్నాయి, ఆయన్నే అడిగి చూడండి. టెక్సాస్‌లో ఆయన లైసెన్సు మీద వలస పక్షుల వేటకు విడిగా ఒక అనుమతి ఉంటుంది. దాన్ని తీసుకునేటప్పుడు కిందటేడు ఏ రకం పక్షులను ఎన్ని కొట్టారో చెప్పాలి. రోజుకు పదిహేను గువ్వలకు మించకూడదు. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం వరకే కాల్చాలి. తుపాకీలో మూడు తూటాలకు మించి పట్టకుండా బిరడా బిగించి ఉండాలి. గింజలు చల్లి పక్షులను రప్పించి కాల్చడం నేరం. బాతుల వేటకైతే పదహారేళ్లు దాటిన ప్రతి వేటగాడూ పాతిక డాలర్లు పెట్టి ఫెడరల్ స్టాంపు కొనాలి, 1934లో మొదలైన ఆ స్టాంపుల డబ్బుతో ప్రభుత్వం చిత్తడి నేలలు కొని కాపాడుతుంది. సీసం గుళ్లతో బాతులను కాల్చడాన్ని 1991లో దేశమంతటా నిషేధించారు. తుపాకుల మీద, తూటాల మీద వేసే పన్ను 1937 నుంచి వన్యప్రాణుల సంరక్షణకు వెళ్తోంది.

వీటన్నిటి కింద ఇంకొకటి ఉంది. అమెరికా, కెనడా కలిసి 1955 నుంచి ఏటా వసంతంలో విమానాల్లో తిరిగి బాతులను లెక్కపెడుతున్నాయి. నీళ్లు ఎన్ని ఉన్నాయి, జతలు ఎన్ని కట్టాయి అని చూసి వేట కాలం ఎన్ని రోజులో, తలకు ఎన్ని పక్షులో తేలుస్తారు. లెక్క తగ్గితే కోటా తగ్గుతుంది. ఆ లెక్క లేకుండా ఆ లైసెన్సు లేదు. మన దగ్గర 1987 నుంచి ప్రతి జనవరిలో నీటి పక్షుల గణన జరుగుతోంది, నిజమే. దాన్ని చేసేది ఎక్కువగా బైనాక్యులర్లు మెడలో వేసుకుని సొంత ఖర్చుతో తిరిగే ఔత్సాహికులు. ఆ లెక్క మీద 'కొల్లేటిలో ఈ ఏడు ఇన్ని పరజలు కొట్టుకోవచ్చు' అని ఎవరూ సంతకం పెట్టలేరు. 1991లో ప్రభుత్వం లైసెన్సులు ఎత్తేయడం సరైన పనేనని నేను అనుకునేది అందుకే. చేతిలోని లైసెన్సు రెండు పిట్టలకా, ఇరవై పిట్టలకా అని గట్టు మీద నిలబడి తనిఖీ చేసే మనిషి లేనిచోట వేట లైసెన్సు ఒక ముసుగు మాత్రమే అవుతుంది. పూర్తి నిషేధాన్ని అమలు చేయడం దానికన్నా తేలిక. సంచిలో పిట్ట ఉంటే నేరం, అంతే.

దీనికి ఒక మూల్యం ఉందని ఒప్పుకోవాలి. అక్కడ వేటగాడు పక్షి బాగుకు డబ్బు కడతాడు, ఇక్కడ ఆ ఆదాయం లేదు. పక్షి మీద ఇష్టం ఉన్న వేటగాడు కూడా ఇక్కడ చట్టానికి శత్రువే. ఈ వాదన తెలివైనవారు చేస్తారు, నేను వింటాను కూడా. కానీ ముందు లెక్క రానివ్వండి, తర్వాత మాట్లాడదాం.

అన్నయ్యగారికి చెప్పదగిన విషయం ఇంకొకటి. మన ఊళ్లలో కరెంటు తీగల మీద కూర్చుని కూసే, మెడ వెనక నల్లటి గీత ఉన్న బూడిద రంగు గువ్వ ఉందే, అది ఇప్పుడు టెక్సాస్‌లోనూ ఉంది. 1970ల్లో బహామా దీవుల్లో పంజరాల నుంచి తప్పించుకుని, ఫ్లోరిడా మీదుగా ఖండమంతా పాకింది. అక్కడ దానికి వేట కాలం లేదు, పరిమితి లేదు, లైసెన్సు ఉన్నవారు ఎన్నయినా కొట్టవచ్చు. ఎందుకంటే అది అక్కడి పక్షి కాదు, పరాయిది. అదే గువ్వ ఇక్కడ మన సొంత పక్షి, దాని మీద చెయ్యి వేస్తే కేసు. రెండు చట్టాలూ ఒకే పని చేస్తున్నాయి, తమ నేల మీది పక్షిని కాపాడుకుంటున్నాయి. అక్కడ కూడా 1918 నాటి వలస పక్షుల చట్టం కింద పాటలు పాడే చిన్న పిట్టలను తాకడానికి వీల్లేదు, కింద పడిన ఈకను ఏరి దాచుకోవడం కూడా నేరమే. మన చట్టం రాలిన నెమలి పింఛం విషయంలో అంతకన్నా ఉదారంగా ఉంది. అమెరికావాళ్లు ఇంత కట్టుదిట్టం ఊరికే చేసుకోలేదు. ఒకప్పుడు ఆకాశాన్ని కమ్మేసేంతగా ఎగిరిన ప్యాసెంజర్ పావురాన్ని కాల్చి కాల్చి తుడిచిపెట్టాక నేర్చుకున్నారు. వాటిలో చివరిది సిన్సినాటి జంతు ప్రదర్శనశాలలో 1914 సెప్టెంబరు 1న చనిపోయింది. టెక్సాస్‌లో ఎక్కువ భాగంలో గువ్వల వేట మొదలయ్యేది కూడా ఏటా సెప్టెంబరు 1నే. అన్నయ్యగారికి ఈ సంగతి తెలుసో లేదో.

ఎయిర్‌గన్ విషయం. చిన్న రకం ఎయిర్‌గన్లు కొనడానికి ఆయుధ లైసెన్సు అక్కరలేదు కాబట్టి వాటితో పిట్టలు కొట్టడానికీ అక్కరలేదని చాలామంది అనుకుంటారు. ఇవి రెండూ వేర్వేరు చట్టాలు. ఆయుధం ఏదన్నది వేట చట్టానికి పట్టదు, గులేరుతో కొట్టినా అదే సెక్షను. వాడిన తుపాకీనీ, ఎక్కి వెళ్లిన కారునూ, పడవనూ స్వాధీనం చేసుకునే అధికారం అటవీ అధికారులకు ఉంది. అన్నయ్యగారి పరిస్థితిలో మరీ చిక్కేమిటంటే, కేసు నమోదైతే తిరుగు ప్రయాణపు టికెట్టు ఆయన చేతిలో ఉండదు, కోర్టు చేతిలోకి వెళ్లవచ్చు. గుర్తుగా నాలుగు ఈకలు పెట్టెలో వేసుకుని దిగితే అక్కడ ఇంకో కేసు. వేరే దేశపు చట్టాన్ని ఉల్లంఘించి పట్టిన వన్యప్రాణిని దిగుమతి చేసుకోవడం అమెరికాలో లేసీ చట్టం కింద నేరం. ఇక వాట్సాప్ గ్రూపు. పిట్టలను వరుసగా పేర్చి, పక్కన నిలబడి ఫొటో తీసి పంపితే అది ఎవరి ఫోనుకైనా చేరుతుంది. తమ నేరానికి తామే సాక్ష్యం తయారుచేసి పంచిపెట్టే అలవాటు ఈ కాలపు వేటగాళ్లకు బాగా ఉంది.

సంచిలో పిట్టలు తెచ్చే మనిషి గురించి మీరు అడిగిన తీరు నాకు నచ్చింది. అతను ఎవరో నాకు తెలియదు. పిట్టలు పట్టి బతికే కులాలు మన దగ్గర ఉన్నాయి, వారికి అదే తరతరాల విద్య. 1972 చట్టం ఆ విద్యను నేరం చేసి వదిలేసింది, బదులుగా ఇంకో బతుకుతెరువు చూపించలేదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కూడా గిరిజనులకు ఎన్నో హక్కులిస్తూ వేటను మాత్రం పక్కన పెట్టింది. మన దేశం మొత్తంలో 1972 చట్టం వేట హక్కును ముట్టుకోకుండా వదిలింది నికోబార్ దీవుల గిరిజనులకే. పిట్టలు పట్టే మనుషుల కళ్లు ఎలాంటివో చెప్పడానికి ఒక్కటి చాలు. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిపోయిందని అందరూ అనుకున్న కలివికోడిని 1986 జనవరిలో కడప జిల్లాలో రాత్రిపూట పట్టుకొచ్చింది పక్షి శాస్త్రవేత్తలు కాదు, స్థానిక వేటగాడు. శాస్త్రవేత్తలు అతని వెంట నడిచారు. ఆ పక్షి కోసమే తర్వాత లంకమల అభయారణ్యం వచ్చింది.

అందువల్ల ముందు మీరు కొనడం మానండి. 'ఇకమీదట మా ఇంటికి తేవద్దు, ఎవరు తెచ్చినా తీసుకోము' అని అతని ముఖం మీదే చెప్పండి. కారణం కూడా చెప్పండి, పట్టుబడితే అతను లోపలికి పోతాడు, కొన్నవారు మర్యాదస్తులుగా బయట తిరుగుతారు, ఆ అన్యాయం అతనికి మీకన్నా బాగా తెలుసు. అతనికి మీ చెరువు మీద కాపలా పని ఇవ్వగలరేమో మీవారితో మాట్లాడండి, పక్షిని ఎలా లేపాలో అతనికన్నా తెలిసినవారు మీకు దొరకరు. మీ ఒక్క ఇంటికే పది పిట్టలు తెచ్చే మనిషి వేరు, బస్తాల్లో పట్టి దాబాలకు పంపే ముఠా వేరు. రెండోది అయితే మొహమాటపడకుండా రేంజ్ అధికారికి చెప్పండి. ముఖ్యంగా వడ్లలో పురుగుమందు గుళికలు కలిపి చల్లి పిట్టలు పట్టే పని ఎక్కడ కనిపించినా అదే రోజు చెప్పండి. సంచిలో చచ్చి వచ్చిన పిట్ట వలలో చచ్చిందో, మందు తిని చచ్చిందో చూసి చెప్పడం వండేవారికి సాధ్యం కాదు. మీరు ఇన్నాళ్లూ వండినది ఏదో తలుచుకోండి. చట్టం మాటకు కదలని మామగారు ఈ మాటకు కదులుతారు.

ఇంట్లో ఎలా చెప్పాలన్నది మిగిలింది. అల్లుడు గడప తొక్కాక, విస్తరి ముందు కూర్చున్నాక సెక్షన్లు చదవకండి. కోడలు చెప్పిందంటే అల్లుడికి అవమానమైపోతుంది, పండుగ మూడు రోజులూ ముఖాలు ముడుచుకునే ఉంటాయి. ఇప్పుడే, ఆయన ఇంకా అక్కడ ఉండగానే, మీవారి చేత ఫోను చేయించండి. 'బావా, ఇక్కడ 91 నుంచి లైసెన్సులే లేవు, కొల్లేరులో పట్టుబడితే కనీసం మూడేళ్లట, నీ వీసా గతేమవుతుందో చూసుకో' అని బావమరిది నవ్వుతూ చెబితే సరిపోతుంది. నియమాలు పాటించి వేటాడే మనిషి కాబట్టి ఆయనకు త్వరగానే అర్థమవుతుంది. అసలు చిక్కు మామగారితో ఉండవచ్చు. ఆయనతో వాదన వద్దు, అమ్మాయిని పంపండి. మనవరాలు అడిగితే పాత తుపాకీ కథలన్నీ చెప్పి, చివరికి 'సరేలే' అంటారు.

కూర సంగతికి వస్తే, ఫారాల్లో పెంచే జపాన్ కౌజు పిట్టలు ఉన్నాయి. ఇజత్‌నగర్‌లోని కేంద్ర పక్షి పరిశోధన సంస్థ 1974లో వాటిని మన దేశానికి తెచ్చింది. 2011లో పర్యావరణ శాఖ వాటి పెంపకం మీద కూడా ఆంక్ష పెట్టి, తర్వాత సడలించింది. ఇప్పుడు నిశ్చింతగా కొనుక్కోవచ్చు, ఫారం నుంచి బిల్లుతో కొనండి. రోడ్డు పక్కన బుట్టలో పెట్టి 'ఫారం పిట్టలే' అని అమ్మేవి చాలాసార్లు చేలల్లో పట్టిన అడవి కౌజులు, పూరేళ్లు. నాటుకోడి ఎలాగూ ఉంది. కోడిపందేల సంగతి నన్ను అడగకండి, దానికి వేరే చట్టం, వేరే ఉత్తరం.

అన్నయ్యగారికి చేతులు ఊరుకోకపోతే జనవరిలో నీటి పక్షుల గణన జరిగేది కూడా ఆ రోజుల్లోనే. గువ్వను ఎగిరే తీరును బట్టి గుర్తుపట్టగల మనిషి లెక్కకు బాగా పనికొస్తారు. లేకపోతే ఆటపాకకు తీసుకెళ్లి పడవ ఎక్కించండి. గూడబాతులను అక్కడ బాగా దగ్గరగా చూడవచ్చు.

చివరగా చిలుక. ఆంధ్రప్రదేశ్ 2018లో రాష్ట్ర పక్షిగా ప్రకటించుకున్నది సరిగ్గా మీ పంజరంలో ఉన్న రామచిలుకనే. దాన్ని పట్టడం, అమ్మడం, పెంచడం అన్నీ నేరమే. తెలంగాణ సోదరులు నవ్వుకోనక్కరలేదు, వారి రాష్ట్ర పక్షి పాలపిట్టను దసరా రోజు రెక్కలు కట్టి పంజరంలో పెట్టి డబ్బులకు చూపించే వ్యాపారం హైదరాబాద్‌లో ఏటా జరుగుతుంది. లవ్ బర్డ్స్, బడ్జీల వంటి విదేశీ పిట్టలను పెంచుకోవడం వేరు. వాటిలో కూడా మకావ్, కాకటూ వంటి అంతర్జాతీయ జాబితాలో ఉన్నవాటికి రిజిస్ట్రేషను తప్పనిసరి. మీ చిలుకను జాలిపడి పెరట్లో వదిలేయకండి. ఏళ్ల తరబడి పంజరంలో ఉన్న పిట్టకు తిండి వెతుక్కోవడం రాదు, రెక్కలు కత్తిరించి ఉంటే సాయంత్రానికి పిల్లి నోట్లో ఉంటుంది. రేంజ్ కార్యాలయానికి తీసుకెళ్లి అప్పగించండి, అప్పగించినట్టు కాగితం మీద రాయించుకోండి. తానుగా తెచ్చిచ్చినవారి మీద కేసు పెట్టరని చట్టంలో ఎక్కడా హామీ లేదు. కానీ మీరే వెళ్లి ఇవ్వడానికీ, ఎవరో చెబితే వాళ్లే వచ్చి పట్టుకోవడానికీ ఎంత తేడా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. పండుగ రద్దీ మొదలయ్యేలోపే ఆ పని చేసి రండి, వెళ్లేటప్పుడు మీ అమ్మాయిని కూడా వెంట తీసుకెళ్లండి.